కేవీ రెడ్డిగారిది మా తాడిపత్రి సార్

మాయాబజార్ సినిమా తీయడం వెనక కష్టాల మీద మీ వ్యాసం బాగా రాసినారు సార్, కానీ దాని డైరెక్టర్ కేవీ రెడ్డిగారిది మా తాడిపత్రి అని ఒక్క ముక్క రాసుంటే మా అనంతపురం వాళ్లకు ఇంకా సంతోషంగా ఉండేది. సాలూరి రాజేశ్వరరావుగారు నాలుగు ట్యూన్లు ఇచ్చి తప్పుకుంటే మిగతాదంతా ఘంటసాలగారే మోసినారు. దానికి మించి అదే కథ తమిళంలో కూడా తీయాల, అభిమన్యుడు ఇక్కడ నాగేశ్వరరావు, అక్కడ జెమినీ గణేశన్, ఎంత ఓపిక ఉండాలో చూడండి. 1957లో గ్రాఫిక్స్ యాడివి? లాహిరి పాటలో ఆ వెన్నెల మార్కస్ బార్ట్‌లేగారి కెమెరా పనితనం అంటే మా అవ్వ నమ్మేదే కాదు, లడ్లు వాటంతట అవే ఎస్వీ రంగారావు నోట్లోకి పోతాంటే ఇప్పటికీ మా ఇంట్లో పిల్లోళ్లు అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకొని అట్లే చూస్తాంటారు.