ఇంటిల్లిపాదికీ మౌన చికిత్స

ఇళ్లకు వెళ్లి, పోయిన మాట తెప్పించడం నా వృత్తి. స్పీచ్ థెరపిస్టు అంటారు. ఇన్నేళ్లుగా గడప గడపా ఎక్కి దిగిన అనుభవంతో వైద్యలోకానికి సవినయంగా విన్నవించుకునేదేమంటే: పక్షవాతంతో ఒకరికి మాట పడిపోయిన ఇంట్లో, చికిత్స అత్యవసరం కాని మనిషి ఎవరైనా ఉన్నారంటే అది ఆ రోగి ఒక్కరే. మిగతావాళ్లను ఆలస్యం చెయ్యకుండా చేర్చుకోవాలి.

నిదర్శనం కావాలా? సంచిలోంచి గడియారం బొమ్మ కార్డు తీసి పెద్దాయన ముందు పెడతాను. "ఇదేమిటండీ?" అంటాను. ఆయన పెదవులు కదులుతాయి. మాట లోపలెక్కడో బయల్దేరి, దారి తప్పి, మళ్లీ వెతుక్కుంటూ నాలుక చివరికి చేరేసరికి వంటింట్లోంచి ఆయన భార్య "గడియారం!" అంటారు. కొడుకు ఊరుకోడు. "చెప్పు నాన్నా, గ... గ..." అని అందిస్తాడు. మనవడు ఫోన్లోంచి తలెత్తకుండానే "క్లాక్" అంటాడు. ముగ్గురికీ నూటికి నూరు మార్కులు. పెద్దాయన తెరిచిన నోరు మూసేసుకుంటారు. "చూశారా, అసలు నోరే విప్పరు" అని ఆవిడ నిట్టూరుస్తారు.

నోట్లో నువ్వుగింజ నానని ఈ జబ్బుకు నాడీశాస్త్రంలో పేరు లేకపోవడం ఘోరమైన లోపం. 1861లో ఫ్రాన్సులో పాల్ బ్రోకా అనే వైద్యుడు చూసిన రోగి ఏమడిగినా "టాన్" అనేవాడు. అతను పోయాక మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగంలో దెబ్బతిన్న చోటును బ్రోకా లోకానికి చూపించాడు. ఆ రోగి 20 ఏళ్లకు పైగా ఆస్పత్రిలో ఉండబట్టి శాస్త్రం బతికిపోయింది. ఇంట్లోనే ఉండి ఉంటే, "టా" అనేలోపే మిగతాది బంధువులు పూరించేవారు. బ్రోకాకు ఏ లోపమూ కనబడేది కాదు.

పరామర్శకు వచ్చేవాళ్లది మరో శాఖ. మాట పోయిందంటే చెవులు కూడా పోయాయని వీళ్ల సిద్ధాంతం. ఆయన చెవి దగ్గర వంగి, అక్షరం అక్షరం విడదీసి అరుస్తారు. ఆయన విన్నారు, అర్థం చేసుకున్నారు, సమాధానం కూడా సిద్ధం చేసుకున్నారు. అది బయటికి రావడం లేదు, అంతే. ఒక్కోసారి వచ్చేది మాత్రం స్పష్టంగా వస్తుంది. మామూలు మాటలు మొరాయించినా అంకెలు, పాటలు, తిట్లు చాలామందికి మిగిలి ఉంటాయి. "మాట రాదు గానీ బూతులు ఎలా వస్తున్నాయమ్మా?" అని ఓ అల్లుడుగారు నన్ను నిలదీశారు. మెదడులో వాటి దారి వేరండీ అన్నాను. సందర్భం కూడా కుదిరిందని అనలేదు.

ఇక నేను మాటలు పక్కనబెట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి "ఒక గుక్క మింగండి" అన్నానంటే ఇంట్లో నా చదువు మీదే అనుమానం పుడుతుంది. మాట కోసం పిలిస్తే నీళ్లు తాగిస్తుందేమిటి? పాపం వాళ్లకు మింగుడుపడని విషయమే. మాటా మింగడమూ చాలావరకు అవే కండరాల పని. పక్షవాతంలో రెండూ దెబ్బతినొచ్చు. పల్చటి నీళ్లు చిక్కటి వాటికన్నా వేగంగా జారతాయి, గొంతు మూసుకునేలోపే శ్వాసనాళంలోకి పోతాయి. కొందరికి దగ్గు కూడా రాదు. అదే భయం: ఏ చప్పుడూ లేకుండా ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా తెచ్చిపెట్టగలవు. బేరియం కలిపిన ద్రవం మింగిస్తూ తీసే ఎక్స్‌రేలో అయితే దారి తప్పిన చుక్క కనిపిస్తుంది. ఆ యంత్రం నా సంచిలో పట్టదు. కళ్లు, చెవులు, వేళ్లు, ఓ సిరంజి, అంతే నా సరంజామా.

అందుకని పొడి కలిపి నీళ్లు చిక్కబరచమంటాం. ఎంత చిక్కగా అన్నదానికి కొలత ఉంది. 10 మిల్లీలీటర్లు సిరంజిలో పోసి, కింద వేలు తీసి, 10 సెకన్లు కారనివ్వాలి. 4 నుంచి 8 మిల్లీలీటర్లు మిగిలితే రెండో స్థాయి చిక్కదనం. ఈ పరీక్ష చూపించేటప్పుడు ఇల్లంతా ఊపిరి బిగబట్టి సిరంజినే చూస్తుంది. ఒక్కరూ "పడు, పడు" అని చుక్కను తొందరపెట్టరు. 10 సెకన్ల ఆ నిశ్శబ్దంలోనే నాకు జ్ఞానోదయమైంది. సిరంజికి ఇచ్చే గడువు మనిషికి ఇస్తే?

వెంటనే ఇంటిల్లిపాదికీ లక్ష్యాలు రాశాను: ప్రశ్న వేశాక 10 సెకన్లు మౌనం. మొదటి వారం ఫలితాలు: భార్య రెండు సెకన్లు. కొడుకు నాలుగు. మనవడు పదికి పది, కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నందువల్ల లెక్కలోకి తీసుకోలేదు. టీవీ సున్నా. పురోగతి మందకొడిగా ఉందనీ, కుటుంబానికి మరిన్ని సెషన్లు కావాలనీ నివేదికలో రాస్తే, రోగి పేరు తప్పు పడిందని పైవాళ్లు తిప్పి పంపారు.

ఏడో సందర్శనలో ఆవిడ గెలిచారు. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు వస్తున్నా సరే, పూర్తిగా 10 సెకన్లు. తొమ్మిదో సెకనులో పెద్దాయన గొంతు పెగిలింది. "నీ... నీళ్లు."

సంతోషం పట్టలేక ఆవిడ పరుగెత్తి గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఆయన నోటికి పెట్టబోయారు. పొడి డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆ తర్వాత 10 సెకన్లూ అరిచింది నేనే.