ఒంటరి జంట లోపలా, బయటా?

మా బావమరిది కూతురు బీఫార్మసీ రెండో సంవత్సరం. హాస్టల్లో గోలకి చదువు సాగడం లేదని పరీక్షల ముందు నాలుగు రోజులు బ్రాడీపేటలో మా ఇంటికొచ్చింది. మా ఆవిడ డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైంది, అదీ ఎక్కువ కాలం తెలుగు మీడియంలో. ఇద్దర్నీ ఒక వంటింట్లో పెడితే ఏమవుతుందో అదే అయింది. హెటెరోసైక్లిక్ సమ్మేళనాలు, అంటే వలయంలో కార్బన్ల మధ్య నైట్రోజనో ఆక్సిజనో సల్ఫరో కూడా చేరిన పదార్థాలు, వాటి గుణాలన్నీ ఒక్క ప్రశ్నతో తేలిపోతాయని ఈవిడ. తేలవు, పట్టిక బట్టీ పట్టడమే దిక్కని ఆ పిల్ల. నేను చారుకి చింతపండు పిసుకుతూ విన్నాను. ముందే చెబుతున్నా, నాది మా ఆవిడ పక్షం. ముప్పై ఆరేళ్ల కాపురం తర్వాత ఇంకో పక్షం ఎక్కడుంటుంది? అయినా ఆ పిల్ల వేసిన దెబ్బలు దాచలేదు.

అత్త: ఏందే ఆ కాగితాలు?

మేనకోడలు: సీనియర్లు ఇచ్చిన పట్టిక అత్తా. పిరిడిన్ క్షారం, పీకేఏ 5.2. ఈ అంకె ఎంత పెద్దదైతే క్షారం అంత బలమైనది. పిరోల్ క్షారం కాదు. ఇమిడజోల్ 7. పిపరిడిన్ 11. ఇట్లా నాలుగు పేజీలు. సోమవారం పరీక్ష. ఆదివారం రాత్రికి నోటికొస్తే చాలు.

అత్త: పిరిడిన్‌లోనూ నైట్రోజనే, పిరోల్‌లోనూ నైట్రోజనే. ఒకటి ప్రోటాన్ కనపడితే పట్టుకుంటుంది, ఇంకోటి పట్టించుకోదు. ఎందుకో ఉందా అందులో?

మేనకోడలు: ఉంది. నాలుగు లైన్లు. అవీ బట్టీయే.

అత్త: ఆ పుస్తకం మూసి ఇటు చూడు. పెళ్లిలో బంతి వేశారనుకో, ఆరు విస్తళ్లు. ఆరుగురు కూర్చుంటేనే వడ్డన. ఇట్లాంటి చిన్న వలయం ఆరోమాటిక్, అంటే బాగా స్థిరమైనది, కావాలంటే అంతే, వలయమంతా పంచుకునే ఆరు పై-ఎలక్ట్రాన్లతో బంతి నిండాలి. పిరిడిన్ ఆరు మూలల వలయం. అయిదు కార్బన్లు తలా ఒక ఎలక్ట్రాన్ పంపాయి, నైట్రోజన్ కూడా ఒకటి పంపింది. ఆరూ నిండాయి. నైట్రోజన్ దగ్గర ఇంకో ఎలక్ట్రాన్ల జంట మిగిలింది, దానికి బంతిలో చోటు లేదు, అవసరమూ లేదు. అది వాకిట్లో నిలబడింది. ప్రోటాన్ అనే చుట్టం వస్తే ఎదురెళ్లి పట్టుకునేది అదే. అందుకే పిరిడిన్ క్షారం. ఇప్పుడు పిరోల్ చూడు. అయిదు మూలలు, కార్బన్లు నాలుగే. నాలుగు ఎలక్ట్రాన్లే వచ్చాయి, రెండు విస్తళ్లు ఖాళీ. అప్పుడు నైట్రోజన్ ఏం చేస్తుంది? తన జంటనే బంతిలో కూర్చోబెడుతుంది. ఇక వాకిట్లో ఎవరూ లేరు. చుట్టం వచ్చి పిలిచినా తినేవాళ్లను లేపితే బంతే చెడుతుంది కదా, లేవరు. కాబట్టి నువ్వు అడగాల్సింది ఒక్కటే. ఒంటరి జంట లోపలా, బయటా?

(లోన్ పెయిర్‌ని తెలుగు మీడియం పుస్తకాల్లో ఒంటరి జంట అనే రాసేవారు. జంటగా ఉన్నాక ఒంటరేమిటని పెళ్లైన కొత్తలో నేనడిగితే, కాపురం చేస్తే తెలుస్తుందిలెండి అంది ఈవిడ.)

మేనకోడలు: మరీ ఎక్కువ యాసిడ్ పోస్తే పిరోల్ కూడా ప్రోటాన్ తీసుకుంటుందిగా?

అత్త: నైట్రోజన్ మీద కాదు, పక్క కార్బన్ మీద. బంతి చెదిరింది కాబట్టి ఆ తర్వాత ఒకదానికొకటి అతుక్కుపోయి జిగురు ముద్దవుతుంది. ఇంకా నాకే సాక్ష్యం చెబుతున్నావు.

మేనకోడలు: సరే, ఫ్యూరాన్. ఇక్కడ ఆక్సిజన్ ఉంది. దానికి రెండు జంటలు. ఒకటి బంతిలో కూర్చుంది, ఇంకోటి వాకిట్లోనే ఉంది. నీ లెక్క ప్రకారం ఫ్యూరాన్ పిరిడిన్‌లా క్షారం కావాలి. అయిందా?

అత్త: కాలేదు. ఆక్సిజన్ పిసినారిదే. తన ఎలక్ట్రాన్లు ఎవరికీ ఇవ్వదు.

మేనకోడలు: పిసినారితనం నీ ప్రశ్నలో లేదుగా అత్తా. లోపలా, బయటా అన్నావు. బయటే ఉంది, అయినా పలకలేదు.

అత్త: ఏ పరమాణువో చూసుకోవాలని వేరే చెప్పాలా?

మేనకోడలు: చెప్పాలి. అది రెండో ప్రశ్న. ఇంకా ఉంది, విను. ఆరోమాటిక్ స్థిరత్వం మా పుస్తకంలో కిలోకాలరీల్లో ఇచ్చారు. బెంజీన్ 36, సల్ఫర్ ఉన్న థయోఫిన్ 29, పిరోల్ 21, ఫ్యూరాన్ 16. అన్నిటికంటే వదులుగా ఉన్న బంతి ఫ్యూరాన్‌ది. అంటే ఎలక్ట్రోఫైల్, అదే ఎలక్ట్రాన్ల కోసం వెతుక్కునేది, వస్తే అన్నిటికంటే ముందు ఫ్యూరాన్ స్పందించాలి. కానీ ముందు పిరోల్, తర్వాత ఫ్యూరాన్, ఆ తర్వాత థయోఫిన్. రెండు వరసలూ కలవవు. జంట మూడిటిలోనూ లోపలే కూర్చుంది. మరి నీ ఒక్క ప్రశ్న ఇక్కడేం చెప్పింది?

(మా ఆవిడ గరిటె పక్కన పెట్టింది. అది మంచి దెబ్బని నాక్కూడా తెలిసింది.)

అత్త: ఎలక్ట్రోఫైల్ వచ్చి కూర్చున్నాక వలయం మీద పాజిటివ్ చార్జి పడుతుంది. ఆ బరువు మోయడానికి నైట్రోజన్ ఒప్పుకున్నంత తేలిగ్గా ఆక్సిజన్ ఒప్పుకోదు. అందుకే పిరోల్ ముందు. స్థిరత్వం మామూలుగా ఉన్నప్పటి సంగతి, రియాక్షన్ బరువెత్తినప్పటి సంగతి. సల్ఫర్‌దేమో ఇంకో కథ. కార్బన్ ఎలక్ట్రోనెగటివిటీ 2.55, సల్ఫర్ 2.58. ఎలక్ట్రాన్ల మీద ఇద్దరికీ దాదాపు ఒకే ఆకలి. అందుకే థయోఫిన్ అచ్చం బెంజీన్‌లా నటిస్తుంది. ఎంతలా అంటే, 1882లో జ్యూరిచ్‌లో విక్టర్ మేయర్ క్లాసులో బెంజీన్‌కి పరీక్ష చేసి చూపిస్తున్నాడు. ఐసాటిన్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే నీలం రంగు రావాలి. ఎప్పుడూ వచ్చేది. ఆ రోజు రాలేదు. చూస్తే, ఆ రోజు పోసింది బొగ్గు తారులోంచి తీసిన బెంజీన్ కాదు, బెంజోయిక్ ఆమ్లం నుంచి తయారుచేసిన శుద్ధమైన బెంజీన్. అంటే అన్నాళ్లూ నీలం రంగిచ్చింది బెంజీన్ కాదు, అందులో దాక్కున్న ఇంకెవరో! మరుసటి ఏడాది ఆ దాక్కున్న థయోఫిన్‌ని బయటికి లాగాడు. బెంజీన్ 80 డిగ్రీల దగ్గర మరిగితే ఇది 84. మామూలుగా మరిగించి వేరు చేద్దామంటే ఎట్లా చిక్కుతుంది?

మేనకోడలు: మా ల్యాబ్‌లో రంగు రాకపోతే కొత్త పదార్థం కనిపెట్టామనరు, పదికి మూడేస్తారు.

(ఈ మేయర్ కథ నేను ఏడాదికోసారైనా వింటుంటాను. ఆ పిల్ల మొదటిసారి విన్నది కాబట్టి నవ్వింది. ఈలోగా చారు పొడికి మిరియాలు తెమ్మన్నారు. డబ్బా ఇచ్చాను. అక్కడే దారి తప్పింది.)

అత్త: ఇదిగో, ఈ గింజ చూడు. మిరియంలో ఘాటు పిపరిన్. 1819లోనే వేరుచేశారు. అందులో ఉన్న వలయమే నీ పట్టికలో పిపరిడిన్, దానికా పేరు మిరియం నుంచే వచ్చింది.

మేనకోడలు: మిరపకాయలో క్యాప్సైసిన్ కూడా హెటెరోసైక్లిక్కేగా?

అత్త: కాదు. దాని వలయంలో అన్నీ కార్బన్లే. నైట్రోజన్ వలయం బయట, తోకలో ఉంది. అయినా మిరపకాయ నిన్న మొన్న పోర్చుగీసు వాళ్ల ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన వంటకి కారమంటే ముఖ్యంగా మిరియమే.

మేనకోడలు: గుంటూరులో కూర్చుని మిరపకాయని నిన్న మొన్న అంటావా! మిర్చి యార్డు దాకా వెళ్లి అనవే, చూద్దాం.

నేను: చారుకి మిరియం, పచ్చడికి మిరపకాయ. ఇంతటితో వదిలేయండి.

అత్త: మీరుండండి. నేను చెప్పేది నైట్రోజన్ గురించి. పిపరిడిన్ విడిగా ఉంటే ఘాటైన క్షారం, 11. అదే పిపరిన్‌లో ఉన్నప్పుడు క్షారమే కాదనుకోవచ్చు. ఎందుకు? ఆ జంటని పక్కనున్న కార్బొనిల్, అంటే ఆక్సిజన్‌తో ద్విబంధమున్న కార్బన్, తన వైపు లాగి పెట్టుకుంది. క్షారంలో మరిగించి ఆ బంధం తెంపితే పిపరిడిన్ బయటపడి మళ్లీ తన గుణం చూపిస్తుంది.

మేనకోడలు: ఆగు ఆగు. ఇక్కడ జంట వలయం లోపల లేదు. బయటే ఉంది. అయినా క్షారం కాలేదు.

అత్త: బయటున్నా ఖాళీగా లేదు. అదీ నేననేది. ఖాళీగా ఉందా, పనిలో ఉందా?

మేనకోడలు: ప్రశ్న మార్చేశావు! మామయ్యా, మీరే సాక్షి. పొద్దున్నుంచీ లోపలా బయటా అని, ఇప్పుడు ఖాళీనా పనా అంటోంది.

(సాక్షిగా చెప్పాలంటే, మార్చింది. కాకపోతే మార్చిన ప్రశ్నే మెరుగ్గా ఉంది.)

మేనకోడలు: మార్చినా సరే. నికోటిన్ తీసుకుందాం. మామయ్య మానేసిందే. అందులో రెండు వలయాలు, రెండు నైట్రోజన్లు. ఒకటి పిరిడిన్‌ది, ఇంకోటి పిరోలిడిన్‌ది. రెండు జంటలూ బయటే. రెండూ ఖాళీయే. పక్కన లాగే కార్బొనిల్ కూడా లేదు. మరి పిరోలిడిన్ దాని పీకేఏ 8, పిరిడిన్ దానిది 3. అయిదు అంకెల తేడా అంటే లక్ష రెట్లు అత్తా! నీ పాత ప్రశ్నకీ జవాబు రాలేదు, కొత్తదానికీ రాలేదు. నా పట్టికలో రెండూ ఉన్నాయి.

(చాలాసేపు చింతపండు చప్పుడే.)

అత్త: పిరిడిన్ నైట్రోజన్‌ది ఎస్‌పీ2. ఆ జంట కేంద్రకానికి దగ్గరగా, గట్టి పట్టులో ఉంటుంది. పిరోలిడిన్‌లోది ఎస్‌పీ3, పట్టు వదులు. వాకిట్లోనే ఇద్దరూ నిలబడ్డారు, కానీ ఒకరు గుమ్మం పట్టుకుని, ఒకరు వీధిలోకి వచ్చి. ఒప్పుకుంటాను, ఇది మూడో ప్రశ్నే. కానీ నీ పట్టిక సంగతీ చెబుతా. ఏవండీ, మీ తాతగారు పొగాకు ఎట్లా నమిలేవారు?

నేను: అరచేతిలో వేసుకుని, చిటికెడు సున్నం రాసి, బొటనవేలితో నలిపేవారు.

అత్త: సున్నం ఎందుకు? ఆకులో నికోటిన్ ఆమ్లాలతో కలిసి లవణంగా ఉంటుంది. ఆ 8 ఉందే, ఆ నైట్రోజన్ మీద ప్రోటాన్ ఎక్కి కూర్చుని ఉంటుంది. చార్జి ఉన్నంతసేపూ నోటి పొర దాటడం కష్టం. సున్నం పడగానే ఆ ప్రోటాన్ ఊడిపోతుంది, నికోటిన్ స్వేచ్ఛగా రక్తంలోకి దిగుతుంది. తాతగారికి పీకేఏ తెలియదు, కిక్ తెలుసు. నీకు 8 అనే అంకె నోటికొచ్చు, సున్నం ఎందుకో తెలుసా? రేపు ఏదో మందు కడుపులో కరుగుతుందా పేగులో కరుగుతుందా అని ఫార్మసీలో నిన్నడిగితే పట్టికలో ఆ మందు పేరు లేకపోతే ఏం చేస్తావు? ఇమిడజోల్ చూడు. ఒకే వలయంలో ఒక నైట్రోజన్ జంట బంతిలో, ఇంకో నైట్రోజన్ జంట వాకిట్లో. పిరోల్, పిరిడిన్ ఒకే కప్పు కింద. దాని 7 అనే అంకె మన ఒంట్లో పీహెచ్‌కి పక్కనే ఉంది కాబట్టే ఈ వలయమున్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం అటు ప్రోటాన్ తీసుకోగలదు, ఇటు ఇవ్వగలదు. ఎన్నో ఎంజైములు దాన్నే పనిలో పెట్టుకున్నాయి. ఇది బట్టీ పడితే 7. అర్థమైతే ఒళ్లు.

మేనకోడలు: బాగుంది అత్తా, నిజంగా బాగుంది. కానీ సున్నం కథ నీకు ముప్పై ఏళ్లు చెప్పాక వచ్చింది. నాకు నాలుగు రోజులుంది. అంకెలు తెలియకుండా కథ ఎట్లా అల్లుతాను? నువ్వూ 8, 7, 11 అని నోటికే చెబుతున్నావుగా.

అత్త: అంకెలొద్దని నేననలేదు.

మేనకోడలు: పొద్దున పట్టిక విసిరేయమన్నట్టే వినపడింది.

(ఇక్కడ మా ఆవిడ జడలోంచి వాడిపోయిన మల్లెపూల దండ తీసి కిటికీలో పెట్టింది. వాసన గది నిండా ఉంది. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చింది.)

మేనకోడలు: ఇందులో ఇండోల్ ఉంటుంది కదా. కొంచెమైతే మల్లె, చిక్కబడితే ముక్కు మూసుకోవాలి. పిరోల్‌కి బెంజీన్ అతికించినట్టు ఉంటుంది. జంట లోపలే, కాబట్టి క్షారం కాదు. సరేనా?

అత్త: పట్టిక చూడకుండా చెప్పావు.

మేనకోడలు: చెప్పాను. మరి నైట్రోజన్‌ని ఒకటిగా లెక్కిస్తే ఎలక్ట్రోఫైల్ పిరోల్‌లో రెండో స్థానంలో చేరుతుంది, ఇండోల్‌లో మూడో స్థానంలో. జంట రెండిటిలోనూ బంతిలోనే ఉంది. ఎందుకు మారింది?

అత్త: పెన్సిల్ ఇటివ్వు.

(కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసింది. పిరోల్‌లో రెండో స్థానంలో చేరితే పాజిటివ్ చార్జి మూడు చోట్లకి పంచుకోవచ్చు, మూడో స్థానంలో అయితే రెండు చోట్లకే. ఇండోల్‌లో మూడో స్థానంలో చేరితే పక్క బెంజీన్‌ని కదిలించకుండానే నైట్రోజన్ ఆ బరువు అందుకుంటుంది. రెండో స్థానంలో అయితే బెంజీన్ బంతిని చెరపాలి.)

అత్త: చూశావా? పక్క బంతిని లేపకుండా పని జరుగుతుందా లేదా, అంతే.

మేనకోడలు: (పట్టిక మార్జిన్‌లో రాసుకుంటూ) నాలుగు.