రెండు చిరునామాల సంఖ్య

4294967297 మీద నిష్పక్షపాతంగా విచారణ జరపాల్సిన సమయం వచ్చింది. పూర్తిగా పలకాలంటే నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల నలభై తొమ్మిది లక్షల అరవై ఏడు వేల రెండు వందల తొంభై ఏడు. ఇంత పొడుగు పేరున్నవాళ్లను ఎవరూ తొందరపడి అనుమానించరు. అక్కడే దెబ్బతిన్నాం.

వంశం గొప్పదే. 32 రెండ్లను గుణించి ఒకటి కలిపితే పుట్టింది. వరసగా 1, 2, 4, 8, 16 రెండ్లతో ఇలాగే పుట్టిన అన్నలు 3, 5, 17, 257, 65537. అయిదుగురూ ప్రధాన సంఖ్యలే, పరాయి కారణాంకాన్ని గడప తొక్కనివ్వని నిష్ఠాపరులు. అలాంటి ఇంట పుట్టింది చెడిపోతుందా అనుకున్నాడు ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా. 1640లో దీన్నీ ప్రధానాల్లోనే కలిపేశాడు. నిరూపణ మాత్రం దొరకలేదని ఒప్పుకున్నాడు, అది ఆయన మర్యాద.

1732లో పాతికేళ్ల స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ గుట్టు బయటపెట్టాడు. 641తో భాగిస్తే శేషం సున్నా. లోపల కాపురం ఉంటున్న రెండో మనిషి 6700417. దీని కారణాంకాలు 64తో భాగిస్తే 1 మిగిలేవే అయి ఉండాలని తర్వాత ఆయనే నిరూపించాడు. అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో భాగహారానికే దొంగ దొరుకుతాడు. ఆ అయిదు భాగహారాలకు తొంభై రెండేళ్లు పట్టింది. పరువు గల కుటుంబం కదా, ఆమాత్రం మొహమాటం తప్పదు.

పరీక్ష పెట్టలేదా అంటారేమో. ఫెర్మా సొంత పరీక్షే ఉంది: 2కు ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతం వేసి, ఆ సంఖ్యతోనే భాగించాలి. 1 మిగలకపోతే ప్రధానం కాదు. మన నిందితురాలికి చక్కగా 1 మిగిలింది. మిగలదా మరి? 2 ఆ వంశానికే మూలపురుషుడు. తాతగారే పేపర్లు దిద్దితే మనవలు ఫెయిలవుతారా? అదే పరీక్ష 3తో పెడితే తప్పింది. 3 సొంత అన్నే అయినా ముఖం చూసి మార్కులు వేయలేదు.

ఇక చిరునామాల సంగతి. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క రకంగా రాయగలం. ఇది 65536 వర్గం ప్లస్ 1 అని దర్జాగా చెప్పుకుంటుంది. విచారిస్తే 62264 వర్గం, 20449 వర్గం కలిపినా ఇదే వస్తోంది. రెండో ఇల్లు ఎందుకో ఇంతవరకు సంజాయిషీ లేదు.

స్వభావం చూద్దామంటే అదీ అంతంతే. అంకెల వర్గాలు కూడుతూ పోతే ఎప్పటికీ 1కి చేరదు, కాబట్టి సంతోష సంఖ్య కాదు. బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే సరిగ్గా రెండే ఒకట్లు. ఒకట్లు సరిసంఖ్యలో ఉన్నవాటికి గణితజ్ఞులు దుష్ట సంఖ్యలని పేరు పెట్టారు. న్యాయంగా చెప్పాలంటే అన్నలందరూ దుష్టులే. ఈ ఒక్క విషయంలో ఇంటి పేరు నిలబెట్టింది.

65537 తర్వాత ఈ వంశంలో ఇంతవరకు ఒక్క ప్రధానమూ దొరకలేదు. తర్వాతి తమ్ముడు 18446744073709551617 తానే పాపమూ ఎరగనంటున్నాడు. 274177 ఇప్పటికే వాంగ్మూలం ఇచ్చేసింది.