మే మూడోవారంలో తులిప్ టూరు ఎలా అమ్ముతారండీ?

ఇందాకే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక టూరు కరపత్రం పడింది. "కుటుంబ సమేతంగా నెదర్లాండ్స్ తులిప్ పండగ" అట. కింద బయలుదేరే తేదీ: మే 18. అరగంట తిరగకుండానే సగం బ్లాకు "మేం రెడీ" అనేసింది. అడ్వాన్సు ఎవరికి పంపాలని అడుగుతున్నారు! కడుపు మండిపోతోంది.

మే 18కి అక్కడ తోట మూసేసి ఉంటుందండీ. తులిప్‌లు చూపించే ఆ తోట, లిస్సె ఊళ్లోని క్యూకెన్‌హోఫ్, ఏడాది మొత్తంలో తెరిచి ఉండేదే ఎనిమిది వారాలు. మార్చి మూడోవారం దగ్గర తెరుస్తారు, మే రెండో ఆదివారం అటూ ఇటూగా మూసేస్తారు. ఈ సంగతి అమ్మేవాళ్లకి తెలియదా? శుభ్రంగా తెలుసు. అందుకే కరపత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "సీజన్ లేనప్పుడు మదురోదాం" అని వేశారు. మదురోదాం అంటే ద హేగ్‌లో ఉన్న బొమ్మల ఊరు, కట్టడాలన్నీ 25వ వంతు సైజులో ఉంటాయి. పిల్లలకి నచ్చుతుంది, కాదనను. కానీ పైన తులిప్ ఫొటో వేసి డబ్బు కట్టించుకుని బొమ్మలిళ్లు చూపించడం మోసం.

మన బడులకి సెలవులు ఏప్రిల్ చివర్లో వస్తాయి కాబట్టి టూర్లన్నీ మేలోకి తోస్తారు. పువ్వుకి మన సెలవులతో ఏం పని? అక్కడ ముందు క్రోకస్, డాఫొడిల్ వస్తాయి. ఏప్రిల్ మొదట్లో హయసింత్. తులిప్‌లకి అసలు అదను ఏప్రిల్ రెండోవారం నుంచి నెలాఖరు దాకా. చలి ఎక్కువైతే వారం పదిరోజులు వెనక్కి, ఎండ ముదిరితే ముందుకి. క్యూకెన్‌హోఫ్‌లో ఎనిమిది వారాలూ రంగు నిలబడుతుందంటే ఊరికే కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారం దాకా దాదాపు 70 లక్షల గడ్డలు చేత్తో నాటుతారు. అదీ ఒకే గుంటలో అంతస్తులుగా: అడుగున ఆలస్యంగా పూసే తులిప్, దానిపైన ముందు పూసేది, అన్నిటికన్నా పైన క్రోకస్ లాంటి చిన్న గడ్డలు. ఒకటి వాడే వేళకి కిందిది లేస్తుంది. బయటి పొలాల్లో ఈ ఏర్పాటు ఉండదు. అక్కడ ఒకే పంట, ఒకే అదను.

ఇక పొలాల సంగతి. అదే కరపత్రంలో ఒక జంట తులిప్ వరసల మధ్య పడుకుని నవ్వుతున్న ఫొటో కూడా ఉంది. ఎవరు వెయ్యమన్నారు దాన్ని? అది రైతు పొలం! అక్కడ అతను పండించేది పువ్వు కాదు, గడ్డ. పువ్వు విచ్చాక కొన్ని రోజులు ఉంచుతాడు, అదీ తెగులు మొక్కల్నీ వేరే రంగు కలిసిన మొక్కల్నీ ఏరి పీకెయ్యడానికి. తర్వాత యంత్రంతో తలలు కోసేస్తాడు, ఆకులు మాత్రం వదిలేస్తాడు. విత్తనానికి పోయే బలం గడ్డకి దిగుతుంది. జూన్, జూలైలో తవ్వుతాడు. మనవాళ్లు వరసలోకి దిగితే ఏమవుతుంది? ఆకు విరుగుతుంది, ఆ మేరకి గడ్డ చిన్నదైపోతుంది. నేల గట్టిపడి నీళ్లు ఇంకవు. అన్నిటికన్నా ఘోరం, బూట్లకి అంటిన మట్టితో ఒక పొలంలోని తెగులు ఇంకో పొలానికి పోతుంది. వైరస్ పట్టిన గడ్డకి మందే లేదు, పీకి పారెయ్యడమే. అందుకే ఆ ఊళ్లలో పొలం గట్ల మీద రాకండని బోర్డులు, తాళ్లు కడుతున్నారు. ఆ తాడు దాటి రీల్ తీసుకునేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. మన మిర్చి చేలో ఎవడో పరాయివాడు దిగి పొర్లితే ఊరుకుంటామా?

పొలం దగ్గరగా చూడాలంటే దారులున్నాయి. తోటలోని గాలిమర మీదకెక్కితే పక్క పొలాలన్నీ కనిపిస్తాయి. ఆ మర దగ్గరే చప్పుడు లేని పడవ ఎక్కితే ముప్పావు గంటకి పైగా కాలవల్లో పొలాల మధ్య తిప్పుతుంది, టిక్కెట్టు వేరు. ఓపికున్నవాళ్లు గేటు దగ్గర సైకిల్ అద్దెకి తీసుకోవచ్చు. ప్యాకేజీల్లో వీటిలో ఒక్కటీ ఉండదు! 32 హెక్టార్ల తోటకి వాళ్లు ఇచ్చేది రెండు గంటలు, అదీ పదకొండింటికి, కిటకిటలాడే వేళ. పొద్దున ఎనిమిదికి తెరుస్తారు కదా, అప్పుడు ఎందుకు తీసుకెళ్లరు? పెద్దవాళ్లకి నాలుగు గంటలైనా చాలవు.

మరి మిగతా టైమంతా ఎటు పోతుంది? దుకాణాలకి. ఇది ఈ ఒక్క కరపత్రం గొడవ కాదు, ఏళ్ల తరబడి సాగుతున్న దోపిడీ. "స్థానిక సంప్రదాయం" అని రాసి ఒకచోట చెక్క చెప్పుల దుకాణం, ఒకచోట చీజ్ దుకాణం, ఇంకోచోట వజ్రాల సానపట్టే షోరూము. చెక్కని యంత్రం మీద పెట్టి పది నిమిషాలు చూపిస్తారు, ముప్పావు గంట కౌంటర్ల దగ్గర నిలబెడతారు. సంప్రదాయం చూడాలంటే ఆల్క్‌మార్ పోవాలి. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా ప్రతి శుక్రవారం పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా చీజ్ సంత. అక్కడి మోతగాళ్ల సంఘం 1593 నాటిది. తెల్ల బట్టలు, రంగు రిబ్బన్ కట్టిన గడ్డి టోపీలు. ఒక్కో చీజ్ చక్రం 13 కిలోల పైమాటే. అవి పేర్చిన చెక్క బల్లకి అటొకరు ఇటొకరు భుజాలకి పట్టీలు తగిలించుకుని, బరువు ఊగకుండా అడుగు కలపకుండా పరుగులాంటి నడక నడుస్తారు. బేరగాళ్లు అరచేతులు చరుచుకుంటూ ధర చెబుతారు. పశువుల సంతలో తువాలు కింద బేరాలు చూసిన మనవాళ్లకి అది ఎంత బాగా ఎక్కుతుందో! కానీ ప్యాకేజీలో శుక్రవారం ఎప్పుడూ పారిస్ ప్రయాణమే.

పిల్లల పరీక్షలు అయ్యాకే వెళ్లాలంటే ఏప్రిల్ 23, 24కి బయలుదేరండి. ఆలస్యంగా పూసే తులిప్‌లు దొరుకుతాయి, 27న కింగ్స్ డే, అంటే అక్కడి రాజుగారి పుట్టినరోజు పండగ కూడా కలిసొస్తుంది. ఊరంతా నారింజ రంగు, పిల్లలు వీధుల్లో దుప్పటి పరిచి పాత బొమ్మలు అమ్ముకుంటారు. ఆ రోజు కోచ్ బస్సుతో ఆమ్‌స్టర్‌డామ్ నడిబొడ్డుకి పోదామనుకోవద్దు, రైల్లో పోయి నడవాలి. 27 ఆదివారమైతే పండగ 26నే. అక్కడికి కావాల్సిన షెంగెన్ వీసాకి (చాలా యూరప్ దేశాలకి ఒకటే వీసా) ఆరునెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, నవంబరులోనే కాగితాలు సిద్ధం చేసుకోండి.

మా బ్లాకువాళ్లకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను: క్యూకెన్‌హోఫ్ ప్రవేశ తేదీ, టైము టిక్కెట్టు మీద చూపించేదాకా ఒక్క రూపాయి కట్టొద్దు.