బీటెక్ పట్టా గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ పట్టా గారికి,

నమస్కరించి రాసుకుంటున్న మనవి. ఇక్కడ అందరం క్షేమం. తమరు కాలేజీ ఆఫీసు బీరువాలో క్షేమంగా ఉన్నారని క్లర్కు గారు చెప్పారు.

ఈమధ్య తమరి మీద రకరకాల పుకార్లు. గూగుల్, ఐబీఎమ్ లాంటి కంపెనీలు చాలా ఉద్యోగాలకు డిగ్రీ అక్కర్లేదని ఎప్పుడో చెప్పేశాయట. స్కిల్ ఉంటే చాలని యూట్యూబ్‌లో ఒకాయన రోజూ మొత్తుకుంటున్నాడు (ఆయన కోర్సు ఫీజు వేరే). ఆశ పుట్టి నేనూ ఒకచోట అప్లై చేశాను. మొదటి పేజీలోనే తమరి పేరు, పాసైన సంవత్సరం, పర్సంటేజీ అడిగారు. అవి నింపితే తప్ప నెక్స్ట్ బటన్ కదల్లేదు. స్కిల్స్ రాసుకునే పేజీ ఆ తర్వాతెక్కడో ఉంది.

కాబట్టి తమరు పనికిరారని నేను ఛస్తే అనను. పని నేర్పరు, అంతే. నాలుగేళ్లలో ల్యాబ్ రికార్డులు మాత్రం ముత్యాల్లా రాశాను, సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని. ఫైనలియర్ ప్రాజెక్టు నలుగురం చందాలేసుకుని అమీర్‌పేటలో కొన్నాం. ముఖం చూసి అటెండెన్స్ వేసే సిస్టమ్. వైవాలో ఆన్ చేస్తే మా బ్యాచ్‌లో ఒక్కరినీ గుర్తుపట్టలేదు. దాన్ని తప్పుపట్టలేం లెండి, నాలుగేళ్లుగా చూస్తున్న మా హెచ్‌ఓడీ కూడా గుర్తుపట్టలేదు. ఆయన "టైటిల్ ఏంటి?" అని అడిగారు. చెప్పాం. ప్యాసయ్యాం.

పాసయ్యాక పని నేర్చుకోవడానికి మళ్లీ అదే అమీర్‌పేట. మైత్రీవనం పక్క సందుల్లో ఫుల్‌స్టాక్, రియల్‌టైమ్ ఫ్యాకల్టీ, డెమో ఫ్రీ. అంటే ప్రాజెక్టు అమ్మినవాళ్ల వీధిలోనే, ఆ ప్రాజెక్టు ఎలా పనిచేస్తుందో చెప్పేవాళ్లకు ఇంకోసారి ఫీజు కట్టాలి. మధ్యలో తమరికి కట్టింది దేనికని మా నాన్న అడిగారు. గేటు పాసుకి నాన్నా, అన్నాను.

ఆ పాసు ఖరీదు తెలియాలంటే అమెరికా వాళ్ల లెక్క చూడాలి. హెచ్1బీ వీసాకి తమరు లేనివాళ్లు మూడేళ్లు ఉద్యోగం చేస్తే ఒక్క ఏడాది చదువుకింద లెక్కట. అంటే తమరితో సమానం కావడానికి పన్నెండేళ్ల చాకిరీ! అప్పటికి మా క్లాస్‌మేట్లు డల్లాస్‌లో ఇల్లు కొని, గృహప్రవేశం ఫోటోలు గ్రూపులో పెట్టేసి ఉంటారు. ఇక్కడ చూస్తే ఇంటర్ చాలన్న కానిస్టేబుల్ ఉద్యోగానికి కూడా గ్రౌండ్‌లో పరిగెత్తేది తమరి భక్తులే.

ఇక అసలు సంగతి. తమరిని ఇంటికి తెచ్చుకుందామని మొన్న కాలేజీకి వెళ్లాను. నో డ్యూస్ ఫారం ఇచ్చారు. ఏనాడూ పుస్తకం ఇవ్వని లైబ్రరీ వాళ్లు, నేను బకాయి లేనని సంతకం పెట్టడానికి సగం రోజు తీసుకున్నారు. చివరికి అకౌంట్స్ కౌంటర్.

"ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదమ్మా. కట్టేసి తీసుకెళ్లు."

"గవర్నమెంటు ఇవ్వాల్సింది కదా సార్?"

"పడ్డాక నీ అకౌంట్లో వేస్తాం."

ఎంట్రన్స్‌లో నాది పదివేలు దాటిన ర్యాంకు. తెలంగాణలో బీసీ పిల్లలకు ఆ ర్యాంకైతే ఏడాదికి 35,000 వరకే సర్కారు బాధ్యత, మిగతాది నాన్న ఏటా కట్టారు. ఇప్పుడు సర్కారు వాటా కూడా ఆయనే కట్టాలి. కాలేజీ వాళ్లను అడిగితే మాకూ బకాయిలే, జీతాలెలా ఇవ్వాలంటున్నారు. అదీ నిజమే. ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ మాత్రం ఒరిజినల్స్ చూపిస్తేనే జాయినింగ్ అంటోంది. జీతం వస్తే తమరిని విడిపిస్తాను, తమరు వస్తే జీతం వస్తుంది. నగలు తాకట్టుపెట్టినా రసీదు ఇస్తారు, తమరికి అదీ లేదు.

అమ్మ మాత్రం ధైర్యంగా ఉంది. సంబంధాల వాళ్లు ఇంతవరకు ఒరిజినల్ అడగలేదట, "అమ్మాయి బీటెక్" అంటే చాలట.

తమ్ముడు ఈసారి ఎప్‌సెట్ రాశాడు. వెబ్ ఆప్షన్లు నన్నే పెట్టమన్నారు. ఇన్ని తెలిసీ వాడిని ఏం చేర్పిస్తావని నాన్న అడిగారు. పైనుంచి కిందిదాకా కంప్యూటర్ సైన్సే (సీఎస్‌ఈ) పెట్టాను. గేటు బయట వాడొక్కణ్ణీ ఎలా వదిలేస్తాం?

నాన్న వచ్చే వారం డబ్బు సర్దుతానన్నారు. అందాకా తమరికి చెద పట్టకుండా చూసుకోమని క్లర్కు గారికి చెప్పి వచ్చాను. లామినేషన్ మాత్రం చేయనివ్వకండి, అటెస్టేషన్‌కి ఒప్పుకోరట.

ఇట్లు,
తమరి జిరాక్స్‌తో కాలక్షేపం చేస్తున్న
ఒక ఇంజనీరమ్మ