ఓటు అడిగితే కూడు లాక్కున్నారు

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతివారి ఓటు హక్కు కోసం పోరాడిన ఫ్యానీ లూ హేమర్ పేరెత్తితే అందరూ 1964 అట్లాంటిక్ సిటీ ప్రసంగం దగ్గరే ఆగిపోతారు. ఆమె డెమొక్రాటిక్ పార్టీ కమిటీ ముందు మాట్లాడుతుంటే ప్రెసిడెంట్ జాన్సన్ హడావిడిగా ప్రెస్ మీట్ పెట్టి కెమెరాలను తనవైపు తిప్పుకున్నాడు. ఆ ప్రసంగం గొప్పదే, కాదనను. కానీ ఆవిడ ఆలోచన లోతు తెలియాలంటే పందుల బ్యాంకు గురించి మాట్లాడాలి. దాన్ని ఎవరూ ఎత్తరు. నాకు కడుపు మండేది అక్కడే.

ముందు మిసిసిపీలో ఓటును ఎలా తొక్కిపెట్టారో చూడండి. 1962 ఆగస్టు 31న రూల్‌విల్ ఊరి నుంచి హేమర్‌తో సహా 18 మంది నల్లజాతివారు పాత బస్సెక్కి, ఓటరుగా నమోదు కావడానికి 26 మైళ్ళ దూరంలోని ఇండియనోలా కోర్టుకు వెళ్ళారు. దరఖాస్తులో ఎవరి దగ్గర పనిచేస్తున్నారో రాయాలి. అంటే సాయంత్రానికల్లా యజమానికి కబురు చేరుతుంది. తర్వాత ఓటర్లను నమోదు చేసే అధికారి, అంటే రిజిస్ట్రార్, చూపించిన రాష్ట్ర రాజ్యాంగ సెక్షన్‌ను ఎత్తిరాసి, అర్థం వివరించాలి. హేమర్‌కు డీ ఫ్యాక్టో (కాగితం మీద లేకున్నా వాస్తవంలో నడిచే) చట్టాల సెక్షన్ ఇచ్చారు. ఆరేళ్ళప్పటి నుంచి పత్తి ఏరిన మనిషిని అడిగే ప్రశ్నేనా అది? జవాబు తప్పో ఒప్పో తేల్చేదీ ఆ రిజిస్ట్రారే. తిరుగుదారిలో బస్సు మరీ పసుపుగా ఉందంటూ పోలీసులు ఆపి, డ్రైవర్‌కు జరిమానా వేశారు.

దరఖాస్తు వెనక్కి తీసుకోకపోతే ఖాళీ చెయ్యమన్నాడు, ఆమె 18 ఏళ్ళుగా పనిచేస్తున్న భూమి యజమాని. ‘నేను వెళ్ళింది మీ కోసం కాదు, నా కోసం’ అందామె. ఆ రాత్రే ఇల్లు వదిలింది. 1963 జనవరిలో పరీక్ష గట్టెక్కినా ఓటు వేయనివ్వలేదు, ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను, అంటే పోల్ టాక్స్, రెండేళ్ళ రశీదులు తెమ్మన్నారు. నిన్నటిదాకా జాబితాలోకే రానివ్వని మనిషి దగ్గర పాత రశీదులెక్కడివి? ఆ జూన్‌లో ఆమెను అరెస్టు చేసి మిసిసిపీలోని వినోనా జైల్లో కొట్టిన దెబ్బలకు ఆమె కిడ్నీ దెబ్బతింది.

పక్కనున్న లెఫ్లోర్ కౌంటీలోనైతే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నల్లజాతివారు ఓటు నమోదుకు కదిలారన్న కక్షతో 1962-63 చలికాలం పేదలకు ఇచ్చే ప్రభుత్వ సరుకులే ఆపేశారు. అన్నం యజమాని చేతిలో ఉన్నన్నాళ్ళూ ఓటు కూడా ఆయన చేతిలోనే ఉంటుందని హేమర్‌కు అనుభవంలో తెలిసింది. అందుకే నల్లజాతి మహిళల సంస్థ నేషనల్ కౌన్సిల్ ఆఫ్ నీగ్రో విమెన్ సాయంతో సుమారు 50 పందులతో బ్యాంకు మొదలుపెట్టింది. ఒక కుటుంబం ఆడపందిని తీసుకెళ్ళి సాకుతుంది. అది ఈనాక పిల్లలు ఆ ఇంటివి, కొన్ని మాత్రం బ్యాంకుకు తిరిగివ్వాలి. అవి ఇంకో ఇంటికి వెళ్తాయి. వడ్డీ లేదు, తాకట్టు లేదు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో మాంసం ఉంటుంది, పస్తు పెడతానని బెదిరించే దొర మాటకు విలువుండదు.

1969లో 40 ఎకరాలతో ఆమె పెట్టిన సహకార వ్యవసాయ క్షేత్రం ఫ్రీడమ్ ఫార్మ్ వచ్చింది, తర్వాత మరో 640 ఎకరాలు చేరాయి. సభ్యత్వం నెలకు ఒక్క డాలర్. అదీ కట్టలేని కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళకీ కూరగాయలు అందాయి. చిక్కు కూడా అక్కడే వచ్చింది. కూరగాయలు కడుపు నింపాయి గానీ భూమి వాయిదాలు, పన్నులు కట్టడానికి నగదు ఇవ్వలేదు. దానికి పత్తి, సోయా మీదే ఆధారపడాలి. వరదలు, కరువు వాటిని దెబ్బతీశాయి. మిగతా డబ్బంతా ఆమె ఊరూరా తిరిగి మాట్లాడి తెచ్చే విరాళాలే. ఆరోగ్యం పాడై ఆమె మంచం పట్టాక ఆ దారీ మూసుకుపోయింది. ఫార్మ్ విఫలమైందని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు ఈ లెక్క చూడరు.

1970ల మధ్యలో పన్ను బకాయిల కింద భూమి పోయింది. 1977 మార్చి 14న 59 ఏళ్ళకే ఆమె కన్నుమూసింది. సమాధి రూల్‌విల్‌లోనే ఉంది.