మొగులు తప్పు మాట ఎలా అయింది?

"మీ రాతలో మెరుపు తెచ్చే అయిదు సూత్రాలు" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. రెండుసార్లు అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఒకసారి ఆఫీసు మిత్రుడి నుంచి, నిన్న మా వదిన నుంచి. అందరూ మంచి మనసుతోనే పంపారు. అయినా జవాబు రాయక తప్పడం లేదు.

రోజూ నిఘంటువులో పది మాటలు బట్టీ పట్టాలట. పట్టండి, వాడకపోతే వారంలో మరిచిపోతారు. ప్రతి నామవాచకం ముందు ఒక విశేషణం ఉండాలట. "చల్లని తెల్లని మెత్తని వెన్నెల" అని రాసి చూడండి, వెన్నెల తప్ప అన్నీ కనిపిస్తాయి.

వాన అనకుండా "వర్షధార" అంటే వర్ణన పండుతుందన్నది ఇంకో సూత్రం. మనకు తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత ఉన్నాయి. ముసురు అంటే రెండు రోజులుగా ఆరని బట్టలు, బయటికి పోలేక ఇంట్లో గోల చేసే పిల్లలు. పంజాగుట్టలో కాసేపట్లో రోడ్డును ముంచేది కుండపోత. "వర్షధార" ఈ రెండింట్లో ఏది? మామిడికి పిందె, కసుగాయ, దోరకాయ, పండు అని వరస ఉంది. కసుగాయ అనగానే నాలుకకు వగరు తగులుతుంది. "అపక్వ ఫలం" అంటే ఏం తగులుతుంది?

నాకు కోపం తెప్పించింది మూడో సూత్రం: "యాస, మాండలికం రాతలోకి రానివ్వకండి, స్థాయి తగ్గుతుంది." మా పక్కింటి అమ్మాయి పదో తరగతి. వాళ్ల ఊరి గురించి రాస్తూ "మొగులైంది. పొద్దుగూకంగనే అవ్వ వాకిట్ల కూసునేది" అని రాసింది. మొగులంటే మబ్బు. ఈ మెసేజ్ చూశాక అది కొట్టేసి "సాయంసంధ్యా సమయమున వృద్ధురాలు ప్రాంగణమున ఆసీనురాలయ్యెను" అని మార్చింది. అవ్వ పోయింది, వాకిలి పోయింది, మబ్బు పట్టిన ఆకాశం కూడా పోయింది. ఎవరి స్థాయి తగ్గింది? ఈ సూత్రం రాసిన పెద్దమనిషి ఇంట్లో ఆకలేస్తే "క్షుధార్తుడనైతిని" అంటాడా?

బుగులు (భయం), తండ్లాట, ఆగమాగం (గందరగోళం), పాయిరం (ప్రేమ). ఇవి రాయడం చేతకాక దొర్లిన మాటలు కావు. తండ్లాటలో మనసు, ఒళ్లు రెండూ కొట్టుకుంటాయి, "ఆవేదన"లో ఒళ్లు లేదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటి నిండా రైతుల మాటలే. 1971లో వచ్చిన రెండోది నేతగాళ్లది. అంత పెద్ద పండితుడు జిల్లా జిల్లా నుంచి పోగు చేయించిన మాటల్ని, పేరు కూడా లేని ఒక ఫార్వర్డ్ చూసి పిల్లలు కొట్టేసుకోవాలా?

"అన్నాడు"ను పదే పదే వాడొద్దన్న సూత్రం ఒకటి మిగిలింది. దాన్నీ కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ అది నిజమే. నసిగాడు, గొణిగాడు, కసిరాడు, దెప్పాడు, బుజ్జగించాడు. ఒక్కో మాటతో మనిషి మొహం కూడా కనిపిస్తుంది. అయితే మెసేజ్‌లో ఇచ్చిన "వచించెను", "పలికెను" తీసేసి, వీటిని పెట్టండి.

వదినా, ఆ మెసేజ్ మన పిల్లల గ్రూపులో కూడా వేశావు. దయచేసి దాని కిందే ఇది కూడా వెయ్యి.